వేలంలో పోయిన కవిత

నా చిన్నప్పుడు మా నంద్యాలలో సంతకమంటే బ్యాంకులోనో, రేషన్ షాపులోనో పెట్టేదే. మా నాయన జీతాల రోజున పెట్టేవాడు. మా జేజి, అంటే నాయనమ్మ, వేలిముద్ర వేసి, సిరా అంటిన వేలిని తలకు రాసుకునేది. అలాంటి కాలంలో పక్కవాళ్ళ సంతకాల కోసం పనిగట్టుకుని బస్సెక్కి ఊళ్ళు తిరిగిన మనిషిని ఒక్కరినే చూశాను. ఆమె మా పక్కింటి అక్క.

అక్కకు అప్పుడు ఇరవై దాటి ఉంటాయి, నాకు పదేళ్ళు. వాళ్ళ నాయన మిషన్ హాస్టల్‌లో వాచ్‌మన్. అక్క టీచర్ ట్రైనింగ్ చదివి, ఉద్యోగం రాక, వీధిలో పిల్లలకు ట్యూషన్ చెప్పుకుంటూ ఉండేది. ఆ పిల్లల్లో నేనూ ఒకదాన్ని. లెక్కల్లో మొద్దునే గానీ తోడు పోవడానికి పనికొచ్చేదాన్ని. పెళ్ళికాని పిల్ల ఒంటరిగా బస్సెక్కితే వీధి ఊరుకోదు, పక్కన చిన్నపిల్ల ఉంటే ఎవరూ ఏమీ అనరు. అట్లా ఆమె తిరిగిన ప్రతిచోటికీ నేనూ తిరిగాను.

ఆమె పోగుచేసింది ఒక చిన్న పత్రిక సంచికలు. మా చర్చిలో సంఘపెద్దగా ఉన్న రిటైర్డ్ హెడ్మాస్టరు ఒకాయన దాన్ని మూడు నెలలకొకసారి తెచ్చేవాడు. ఊరంతా ఆయన్ని పెద్దసారు అనేది. కళ గురించి, భక్తి గురించి మాత్రమే అందులో వేసేవాడు. ఒక పేజీలో మా చర్చి కీర్తనల రాగాల మీద వ్యాసం ఉంటే, పక్క పేజీలో ఆళ్ళగడ్డ శిల్పుల గురించి, దాని వెనక పీర్లపండగ పాటల గురించి ఉండేది. ఏ మతంవాళ్ళైనా రాయవచ్చు. ఆ రోజుల్లో అది తక్కువ సంగతేమీ కాదు. ఆయన సొంత పెన్షన్ ఖర్చుపెట్టి దాన్ని నడిపాడు. ఆయన చెడ్డవాడని చెప్పేసి చేతులు దులుపుకుంటే నాకు ఈ బాధ ఉండేది కాదు. మా వీధిలో సగంమందికి అక్షరాలు దిద్దించింది ఆయనే, అక్కకు కూడా.

సంచిక రాగానే అక్క ఒక కాపీ కొని, అందులో రాసినవాళ్ళ దగ్గరికి ఒక్కొక్కరి దగ్గరికీ పోయి, ఎవరి పేజీలో వాళ్ళ చేత సంతకం పెట్టించుకునేది. పాటలు కట్టే ఒక ముసలాయన కోసం సంజామల పోయాం. బడిపంతులు ఒకాయన కోసం మిడుతూరు పోయాం, ఆయన పొలంలో ఉంటే గట్టు మీద కూర్చుని ఎదురుచూశాం. కొందరు మురిసిపోయేవాళ్ళు, కొందరు ఈ పిల్లకు పనిలేదా అన్నట్టు చూసేవాళ్ళు. నేను ఒకసారి అడిగాను, పేరు అచ్చులో ఉంది కదా, మళ్ళీ చేతో రాయించుకోవడమెందుకని. "అచ్చులో ఎవరి పేరైనా ఒకే మాదిరి ఉంటాది పాపా. సంతకం మాత్రం ఎవురిది వాళ్ళదే" అంది. నాకు అర్థం కాలేదు. తిరుగుబస్సులో ఆమె కొనిపెట్టే మిక్చర్ పొట్లం మీదే నా ధ్యాస.

ఇప్పుడు వాళ్ళమ్మ సంగతి చెప్పాలి. ఆమె వరినాట్లకు, కలుపులకు పోయే కూలిమనిషి. మా దిక్కు నల్లరేగడి ఎలాంటిదంటే, గోళ్ళల్లోకి దిగితే ఎంత రుద్దినా పోదు. ఆదివారం ప్రభువు బల్ల దగ్గర అందరూ క్రీస్తు పేరున పంచే రొట్టె కోసం చేతులు చాచి మోకరిస్తే, ఆమె ఒక్కతే కొంగు చాచేది. తెల్లటి రొట్టెను ఆ చేతుల్తో పట్టుకోవడానికి ఆమెకు సిగ్గు. కొంగు ఒక కొస నడుములో దోపుకుని, ఇంకో కొస రెండు చేతుల్తో రొమ్ముదాకా ఎత్తి పట్టేది. కల్లంలో కూలి గింజలు పోయించుకునేటప్పుడు పట్టినట్టే. పాస్టరు అయ్యగారు కూడా అలవాటుపడి రొట్టెను ఆ కొంగులోనే వేసేవాడు. మా సంఘంలో కళ్ళున్న ప్రతివాళ్ళూ అది చూశారు. కొత్తవాళ్ళు నవ్వితే పాతవాళ్ళు కసిరేవాళ్ళు. ఆమె జ్వరమొచ్చి, ఆసుపత్రిలో చేర్చిన వారానికి పోయింది.

అమ్మ పోయిన ఏడే అక్క మొదటిసారి ఏదో రాసింది. అంతవరకూ పక్కవాళ్ళు రాసినవి చదవడమే. ట్యూషన్ అయిపోయి పిల్లలందరూ పోయాక నన్ను కూర్చోబెట్టి చదివి వినిపించింది. అందులో కొన్ని మాటలు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు.

కూలి గింజలకు పట్టిన కొంగే
నీ రొట్టెకూ పట్టింది మా అమ్మ.
మట్టిచేతులని సిగ్గుపడింది గానీ
ఆ మట్టిలోంచే కదా ప్రభువా
నీ రొట్టె వచ్చింది.

విని నేను ఏడ్చాను. అక్క ఏడవలేదు. ఇంకా ఒక మాట సరిపోలేదని మళ్ళీ కొట్టేసి రాసుకుంది.

దాన్ని పత్రికకు పంపవచ్చు కదా అని మీరు అడుగుతారు. ఆమె పంపలేదు. ఆ వారమే కోత పండగ. వరికోతలయ్యాక మా చర్చిలో ప్రతి ఏడూ చేస్తారు. ఎవరి తొలిపంట వాళ్ళు తెస్తారు. కొత్తబియ్యం, గుమ్మడికాయలు, కోడిపుంజులు, గుడ్లు, మిరపకాయలు, ఏమీ లేనివాళ్ళు కొబ్బరికాయ. ఆరాధన అయ్యాక వాటిని చర్చి ఆవరణలో వేలం వేస్తారు. ఇచ్చినవాళ్ళ పేరు దేని మీదా ఉండకూడదు. కుడిచెయ్యి ఇచ్చింది ఎడమచేతికి తెలియరాదు కాబట్టి బుట్టలన్నీ తెచ్చి బల్లముందు పెట్టి పోతారు, అంతే. అక్క నాతో అంది, "మాకు చేను లేదు, చెట్టు లేదు. నా తొలిపంట ఇదే కదా పాపా." కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, శేరు కొత్తబియ్యం పోసిన బుట్టలో గుచ్చింది. పేరు రాయలేదు. బుట్ట మోసుకుపోయి బల్లముందు పెట్టింది నేను.

మా వేలం వేసేవాడు ఆర్టీసీ కండక్టరు. గొంతు పెద్దది, నోరు ఇంకా పెద్దది. బుట్ట ఎత్తి, కాగితం చూసి, "ఇదేందప్పా, బియ్యంలో చీటీ వచ్చె!" అని అందర్నీ నవ్వించాడు. నవ్వుతూనే చదవడం మొదలుపెట్టాడు. మూడో మాటకు నవ్వు ఆగింది. చదవడం అయ్యాక ఆడవాళ్ళు కొంగుల్తో కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. అది ఎవరి గురించో అందరికీ తెలుసు, కాబట్టి ఎవరు రాశారో కూడా తెలుసు. కండక్టరు ఏం చెయ్యాలో తోచక, బియ్యం వేరుగా, కాగితం వేరుగా పాట పెట్టాడు. కాగితాన్ని పెద్దసారు పాడుకున్నాడు. ఆయనకు పోటీగా ఎవరూ పాడలేదు. అక్క నా చెయ్యి పట్టుకుని ఎంత గట్టిగా నొక్కిందో. తన గురువు తన కవితను డబ్బుపెట్టి కొన్నాడు! పత్రికలో వేస్తాడు, పేరు కనుక్కుంటాడు, తనను పిలిపిస్తాడు. వారాల తరబడి ఆ పిలుపు కోసమే చూసింది.

పిలుపు రాలేదు, సంచిక వచ్చింది. అట్ట మీద కొంగు చాచిన ఆడమనిషి బొమ్మ. మొదటి పేజీలోనే కవిత. ఒక్క మాట మార్చలేదు. కింద పెద్దసారు పేరు.

మా నాయన ఆ కవితను ఇంట్లో గట్టిగా చదివాడు. మంచం మీదున్న మా జేజి విని, "ఇది పక్కింటి ఆయమ్మ కొంగు కదరా. ఆ సారోళ్ళ అమ్మ ముందు వరసలో కుర్చీ ఏసుకోని కూర్చునేది, ఆమెకు మట్టి యాడిది?" అంది. నాయన పుస్తకం మూసి, పెద్దవాళ్ళ సంగతులు మనకెందుకన్నాడు. మా ఇంట్లో జరిగిందే ప్రతి ఇంట్లోనూ జరిగి ఉంటుంది.

అక్క రెండు రోజులు తలుపు తియ్యలేదు. మూడోరోజు తలదువ్వుకుని, చీర కట్టుకుని, చేతిలో సంచికతో వచ్చి, "పాపా, ఆళ్ళగడ్డకు పోదాం పా. అట్టబొమ్మకు సంతకం పెట్టించుకోవల్ల" అంది. ఏమీ జరగనట్టు అన్నందుకు నాకు ఆమె మీదే కోపం వచ్చింది. బస్సులో శిరివెళ్ళ దాటేదాకా ఆమెకు వీపు పెట్టే ఉన్నాను. ఆమె కిటికీలోంచి నల్లమల కొండల దిక్కు చూస్తూ కూర్చుంది.

అట్టబొమ్మలు గీసేది ఆళ్ళగడ్డలో ఒక శిల్పి. రోడ్డు పక్కనే పందిరి, పందిరి కింద సగం చెక్కిన దేవుళ్ళు, అందరి మీదా తెల్లటి రాతిపొడి. ఆయన ఉలి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, ఎప్పటిలాగే అట్ట మూల సంతకం పెట్టాడు. అక్క బొమ్మను చూపించి మెల్లగా అడిగింది, "అన్నా, మా అమ్మను అడుక్కుండేదాని మాదిరి గీస్తివే?" బొమ్మలో కొంగు కిందికి వేలాడుతూ, తల వంచి, నిజంగానే బిచ్చం అడుగుతున్నట్టే ఉంది. శిల్పి కాసేపు అక్క ముఖం చూశాడు. "మీ అమ్మనా? సారు వాళ్ళమ్మ అని చెప్పె. ఎట్లా పట్టుకుంటాదని అడిగితే, ఎట్లో ఒకట్ల గీయప్పా అనె" అన్నాడు.

అక్క జరిగింది చెప్పింది. ఆయన వింటూ వింటూ మళ్ళీ ఉలి చేతికి తీసుకున్నాడు. ఆయన చెప్పిన ఓదార్పు ఇదీ. "మేము చెక్కిన దేవునికి గుళ్ళో పూజలు జరుగుతాంటాయి. పీఠం మీద దాత పేరు ఉంటాది. మా పేరు యాడుంటాది మ్మా? అలవాటు చేసుకోవల్ల." మా ఊళ్ళల్లో ఇలాంటి మాటల్ని జ్ఞానం అంటారు. పోగొట్టుకున్నవాళ్ళు పోగొట్టుకున్నవాళ్ళకు చెప్పుకునే మాట అది, దాంతో దొంగకు ఇబ్బంది ఉండదు. అక్క మాత్రం ఒప్పుకోలేదు. "నీకు కూలి ఇస్తారన్నా. దేవుడు నీకు అమ్మ కాదు కదా" అంది. రాతి మీద సుత్తి దెబ్బ ఒకటి గట్టిగా పడింది.

మిగతావాళ్ళందరి సంతకాలూ అయ్యాక, ఒక ఆదివారం మధ్యాహ్నం పెద్దసారు ఇంటికి పోయాం. ఆయన వరండాలో పడక్కుర్చీలో కూర్చుని ప్రూఫులు దిద్దుకుంటున్నాడు. మమ్మల్ని చూసి కళ్ళజోడు తీశాడు. అక్క మొదటి పేజీ తెరిచి ఆయన ముందు పెట్టి, "సంతకం పెట్టండి సార్" అంది. ఆ పేజీ చూస్తే ఆయన చెయ్యి ఆగుతుందని, తల వంచుకుంటాడని, ఆమె రోజుల తరబడి అనుకుంటూ వచ్చిందని నాకు తర్వాత చెప్పింది. నిలదీసి అడగడం ఆమెకు చేతకాదు. సంతకం అడగడం ఒక్కటే చేతనవును. తనది కానిదాని కింద ఏ మనిషీ తన చేతో పేరు రాయలేడని నమ్మింది.

ఆయన పెన్ను మూత తీశాడు. నేను ఆపుకోలేక, "సార్, మీ అమ్మ కూడా కొంగు పట్టేదా?" అన్నాను. అక్క నా భుజం నొక్కింది. ఆయన కోప్పడలేదు. పాఠం చెప్పే గొంతుతో అన్నాడు, "పాపా, కోత పండక్కు గుమ్మడికాయ ఇస్తారు. ఎవరో పాడుకుంటారు. వాళ్ళింట్లో పులుసు అయితాది. ఇచ్చినోళ్ళు వచ్చి ఇది నా పులుసు అంటారా? దేవునికి ఇచ్చినాక అది దేవునిది. పాడుకున్నాక పాడుకున్నోళ్ళది. ఇచ్చి, మళ్ళా నాదే అనుకుంటే ఇచ్చినట్లు యాడైతాది?" అది నాకు చెప్పినట్టే ఉంది గానీ చూపు అక్క మీద ఉంది. అప్పుడు తెలిసింది ఆయనకు మొదటి నుంచీ తెలుసని. ఆరో తరగతిలో ఆమె చేత దస్తూరి దిద్దించింది ఆయనే, ఆ అక్షరాలు ఆయనకు తెలియకుండా ఉంటాయా?

ఆయన సంతకం పెట్టాడు. పొడుగ్గా, చివర తీగ మాదిరి ఒక గీత గీసి మరీ పెట్టాడు. కింద 'దీవెనలతో' అని కూడా రాశాడు. పుస్తకం తిరిగిస్తూ, "నీ రాత ముత్యాల మాదిరి ఉంటాది. పత్రికకు వచ్చిన రాతల్ని సాపురాసే మనిషి కావల్ల నాకు. వస్తావా?" అన్నాడు. అక్క సిరా ఆరేదాకా పేజీ తెరిచి పట్టుకుని, వస్తానని గానీ రానని గానీ చెప్పకుండా మెట్లు దిగింది. వీధి మలుపు తిరిగాక గోడకానుకుని నిలబడిపోయింది. ఆ ముఖం నేను వర్ణించలేను. వాళ్ళమ్మ పోయిన రోజు కూడా అట్లా లేదు.

దారిలో నేను ఒక తెలివితక్కువ మాట అన్నాను. గుమ్మడికాయ సంగతి నిజమే కదక్కా అని. పెద్దసారు చెప్పాడు కాబట్టి నిజమే అయి ఉండాలని నా లెక్క. ఆమె ఆగి నన్ను చూసి, "గుమ్మడికాయను పాడుకున్నోళ్ళు తింటారు పాపా. మేమే కాసినామని చెప్పుకోరు" అంది.

మరుసటి కోత పండగదాకా ఆమె ఆ సంగతి ఎత్తలేదు. చర్చికి వచ్చేది, పాడేది, పిల్లలకు పాఠం చెప్పేది. పెద్దసారు ఎదురైతే వందనం చెప్పేది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. పండగనాడు ఆమె బుట్టలో ఏం తెచ్చిందో నాకు కూడా చెప్పలేదు, ఈసారి బుట్ట తనే మోసింది.

వేలం మొదలై కోళ్ళు, బియ్యం పోయాక కండక్టరు ఆ బుట్టలోంచి పుస్తకం పైకి తీశాడు. పెద్దసారు సంతకం పెట్టిన సంచిక. "చూడండప్పా, ఎంత భాగ్యం! సారు చేతిరాత, దీవెనలు కూడా రాసిండాడు!" అని కేకవేశాడు. ముందు వరసలో కూర్చున్న పెద్దసారు నవ్వాడు. ఆయన్ని సంతోషపెట్టాలని సంఘంలో కలిగినవాళ్ళందరూ పాట మొదలుపెట్టారు. అక్క కూడా పాడింది. ధర కోడిపుంజును దాటింది, గొర్రెపిల్లను దాటింది. ఏడాది ట్యూషన్ డబ్బు ఆమె రవికలో ఉందని నాకు తెలుసు, అది ఎక్కడ చాలకుండా పోతుందోనని ప్రతి పాటనూ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. చివరికి ఒక బట్టల షాపాయన, తల్లిలేని పిల్లతో పోటీ ఎందుకులే అని కూర్చున్నాడు. మూడోసారి అని కండక్టరు బల్ల గుద్దాడు.

అక్క ముందుకు నడిచింది. డబ్బు కట్టి, పుస్తకం తీసుకుని, కండక్టర్ని అడిగింది. "అన్నా, పాడుకున్నది ఇంక నాదేనా?"

"నీదే మ్మా. నీది కాక మాదా?" అని అతను నవ్వాడు.

ఆమె పెద్దసారు దిక్కు తిరిగింది. "నాదేనా సార్?"

ఆయన నవ్వు ముఖం మీదే ఉండిపోయింది. ఆయన తెలివైనవాడు, ఎక్కడికి వచ్చి నిలబడ్డాడో తెలిసింది. కాదంటే గుమ్మడికాయ గురించి చెప్పిన తన మాట తనే కొట్టేసుకున్నట్టు. "నీదే" అన్నాడు.

అక్క పెన్ను తీసి, ఆ పేజీలో అచ్చయిన పేరునూ, తీగ గీసిన సంతకాన్నీ అడ్డంగా కొట్టేసింది. తర్వాత కవిత మొత్తం చదివింది. ఆమె గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకు తెలియదు. చదివి, "ఇది మా అమ్మ" అని వాళ్ళమ్మ పేరు చెప్పింది. "రాసింది నేను" అని తన పేరు చెప్పింది. ఆ పేజీలో సంతకం పెట్టింది.

ఇప్పుడు ఎవరైనా లేస్తారని నేను అనుకున్నాను. ఆమె తల్లితో కలిసి నాట్లు వేసిన ఆడవాళ్ళు అక్కడే చాపల మీద కూర్చుని ఉన్నారు. ఆ కొంగులో రొట్టె వేసిన అయ్యగారు అక్కడే ఉన్నాడు. ఒక్కరంటే ఒక్కరు, అవును, నిజమే అంటే చాలు. ఆమె కూడా దానికోసమే చాపల దిక్కు చూసింది.

లేచింది పెద్దసారే. "బాగా చదివినావమ్మా. దేవునికి మహిమ. ఆమేన్" అన్నాడు. సంఘమంతా ఆమేన్ అంది. నోరు అలవాటుపడిన మాట కదా, ఆలోచించాల్సిన పని లేదు. కండక్టరు చటుక్కున గుమ్మడికాయ ఎత్తి పాట పెట్టాడు. అంతే, అయిపోయింది. ఆమె సంవత్సరం పాటు మనసులో మోసింది ఒక్క ఆమేన్ కింద పూడిపోయింది.

నేను లేచి అరిచాను. "బుట్ట నేను మోసినా! కాగితం అక్కే రాసె, నేను చూసినా! సారు దొంగ!" ఇంకో మాట వచ్చేలోగా మా నాయన చెయ్యి నా చెంప మీద పడింది. ఆయన నన్ను అంతకుముందు కొట్టలేదు, ఆ తర్వాతా కొట్టలేదు. చిన్నపిల్లల మాదిరి అయితేనే పరలోకం అని ఆ ఉదయమే అయ్యగారు ప్రసంగంలో చెప్పాడు. చెంప మండుతుంటే నాకు ఆ మాటే గుర్తొచ్చి ఇంకా గట్టిగా ఏడ్చాను.

తర్వాత ఊరు ఏమందో చెప్పాలా? పెద్దాయన పరువు తీసిందన్నారు. సదువు చెప్పిన చేతినే కరిచిందన్నారు. అంత డబ్బు పోసి గొడవ కొనుక్కుందని నవ్వారు. కవిత ఎవరిదన్నది మాత్రం ఒక్కరూ మాట్లాడలేదు. వీధిలో పిల్లలు ఒక్కొక్కరే ట్యూషన్ మానేశారు. వాళ్ళ నాయన హాస్టల్ గేటు దగ్గర తలవంచుకుని కూర్చునేవాడు. మా నాయన నన్ను ఆ గడప తొక్కవద్దన్నాడు. నేను తొక్కాను.

ఆమె దగ్గర రేకుపెట్టె నిండా ఆ పత్రిక సంచికలు ఉండేవి. నేనైతే నీళ్ళపొయ్యిలో పెట్టేదాన్ని, ఆ మాటే ఆమెతో అన్నాను. "ఎందుకు పాపా? మిగతావోళ్ళు రాసినవి వాళ్ళవే కదా" అని, దుమ్ము తుడిచి మళ్ళీ సర్దిపెట్టింది. ఆ తర్వాత వచ్చిన సంచికలు మాత్రం కొనలేదు. డీఎస్సీ రాసి, పగిడ్యాల దిక్కు బడిలో ఉద్యోగం వచ్చి, నాయన్ను తీసుకుని ఊరు వదిలిపోయింది.

ఆమె మళ్ళీ రాయలేదు. నా కడుపుమంట అంతా ఇక్కడే ఉంది. పోయింది ఒక కవితే అని లెక్కవేసేవాళ్ళున్నారు. మొదటిదే అట్లా రాసిన మనిషి ఆ తర్వాత ఏమేం రాసి ఉండేదో ఎవరు లెక్కవేస్తారు? వాళ్ళమ్మ సమాధి చూసుకోవడానికి సెలవుల్లో వచ్చినప్పుడు నేను అడిగేదాన్ని, ఏమైనా రాసినావా అక్కా అని. "బడిపిల్లోళ్ళ కాపీలు దిద్దేకే సరిపోతాంది" అనేది.

రెండు వేలు దాటాక పెద్దసారు పోయాడు. ఘనంగా సాగనంపారు, ఘనంగా సాగనంపవలసినవాడే. అప్పటికి నాకు పెళ్ళై, ఒక బిడ్డ. ఆ ఏడు ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల దగ్గర ప్రార్థనకు అక్క పగిడ్యాల నుంచి వచ్చింది. వాళ్ళమ్మ సమాధి మట్టిదిబ్బ, తలాపున రెండు ఇటుకలు. వానలకు దిబ్బ అణగిపోతే ప్రతి ఏడూ మట్టి ఎగదోసేది. పూలు పెట్టి లేచి వస్తుంటే దారిలో పెద్దసారు సమాధి. ఆళ్ళగడ్డ నుంచి తెప్పించిన నల్లరాయి అద్దం మాదిరి మెరుస్తోంది. పేరు కింద రెండు పంక్తులు చెక్కించారు.

కూలి గింజలకు పట్టిన కొంగే
నీ రొట్టెకూ పట్టింది మా అమ్మ.

ఇటుకముక్క కోసం నేల మీద వెతికాను, అబద్ధం చెప్పను. అక్క నా చెయ్యి పట్టుకుంది. వంగి ఆ అక్షరాల మీద వేలు పెట్టి చివరిదాకా చదువుకుంది. "మా అమ్మకు రాయి పెట్టించాలని ఎన్నేళ్ళుగానో అనుకుంటాంటి పాపా, చేతకాకపాయ. పోనీలే, ఎవురో పెట్టిచ్చినారు" అంది. చేతిలో మిగిలిన పూలు ఆ రాతి మీద, ఆ రెండు పంక్తుల దగ్గర పెట్టింది. పైన ఉన్న పేరు దిక్కు చూడనైనా చూడలేదు.

వినేవాళ్ళు ఆహా, ఎంత క్షమ అంటారు. నేను ఆమె పక్కనే ఉన్నాను, అది క్షమ అని నాకు అనిపించలేదు. అడిగి అడిగి అలసిపోయిన మనిషి చివరికి దొరికిన చోట పూలు పెట్టుకుంది. న్యాయం దొరకనివాళ్ళు సరిపెట్టుకుంటే మనం దానికి మంచి పేర్లు పెట్టి మెచ్చుకుంటాం. మెచ్చుకోవడం సులువు కదా, లేచి నిలబడనక్కరలేదు.

ఇప్పుడు నాకు మనవరాలు. మా సంఘంలో కోత పండగ ఇంకా జరుగుతుంది, వేలమూ జరుగుతుంది. ఎవరో పిల్ల అల్లిన గుడ్డో, గీసిన బొమ్మో పేరు లేకుండా బుట్టలో వస్తుంది. పాట మొదలయ్యేలోగా నేను లేచి నిలబడతాను. "ఆగప్పా. ఇది చేసిందెవురు?" అని అడుగుతాను. పేరు చెప్పకూడదు, కానుక కదా అంటారు. చెప్పేదాకా కూర్చోను. అయ్యగారికి చిరాకు, మా ఇంట్లోవాళ్ళకు నామర్దా, ముసలిదానికి పిచ్చి ముదిరిందని వెనకనుంచి వినబడుతూనే ఉంటుంది. అప్పుడు వెనక వరసలో ఎక్కడో ఒక పిల్ల భయం భయంగా చెయ్యెత్తుతుంది. ఆ చెయ్యి నలుగురికీ కనబడ్డాకే నేను కూర్చుంటాను.